ఫిర్యాదులు లేని దుకాణం

తీర మండల కుటీర హస్తకళల విక్రయ సంస్థవారి ఆన్‌లైన్ దుకాణం ప్రారంభమైన ఉదయం సభామందిరంలో ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఐదు వత్తుల దీపస్తంభం, పూలదండ వేసిన ల్యాప్‌టాప్, పట్టుగుడ్డ కప్పిన శిలాఫలకం, మంత్రిగారు. లేనిది ఇంటర్నెట్ ఒక్కటే. తోరణాలు కట్టడానికి గోడకు మేకులు కొట్టినవారు ఆ గోడవెంట వెళ్లే తీగను కూడా ఒక మేకుకు బలిచ్చారు. తరువాత జరిగినదంతా ఆ మేకునుంచి పుట్టినదే.

ఆ దుకాణాన్ని కట్టినది గేదెల హైమవతి. సంస్థలో కాంట్రాక్టు సాంకేతిక సహాయకురాలు. ఆమె వాడిన సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దేశదేశాలవారు తలా కొంత రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు అని బహిరంగంగా వదిలిపెట్టినది. పద్ధతి తెలిసినవారు ఇటువంటి దుకాణానికి ఎప్పుడూ రెండు ప్రతులు ఉంచుతారు. ఒకటి అసలుది, జనం వచ్చి కొనుక్కునేది. రెండవది పరీక్ష ప్రతి. పులుసును ముందు అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసి ఆ తరువాతనే విస్తరిలో వడ్డించినట్టు, ఏ మార్పునైనా మొదట పరీక్ష ప్రతి మీద చేసి చూసి, ఏదీ చెడలేదని తేలాకే అసలుదానికి ఎక్కిస్తారు.

పరీక్ష ప్రతిలో కొనేవారు మనుషులు కారు. హైమవతి పన్నెండుమంది ఉత్తుత్తి కస్టమర్లను సృష్టించి, పరీక్ష ఒకటి మొదలు పరీక్ష పన్నెండు వరకు పేర్లు పెట్టింది. పావుగంటకొకసారి వారిలో ఒకరు తమంత తామే వచ్చి, ఒక వస్తువు ఎంచుకొని, ఆర్డరు పెట్టి, అందినట్టు ఒప్పుకొని, ఐదు నక్షత్రాలిచ్చి వెళ్లిపోయేవారు. ఎవరైనా మధ్యలో ఆగిపోతే దుకాణంలో ఏదో చెడిందని ఆమెకు తెలిసేది. వారి ప్రయోజనం అంతవరకే. వారు కొనడానికి సరుకు మిగలాలి గనుక, నిల్వ సంఖ్య రోజూ ఉదయం మళ్లీ మొదటికి వచ్చేలా కూడా ఏర్పాటు చేసింది.

మంత్రిగారికి పదకొండున్నరకు మరొకచోట మరొక ప్రారంభోత్సవం ఉంది. సూపరింటెండెంట్ దూసి లక్ష్మణమూర్తి చెమటలు తుడుచుకుంటూ హైమవతి దగ్గరకు వచ్చాడు.

"తెర మీద ఏదో ఒకటి పడాలమ్మా. లేకపోతే పడేది నేను."

"పరీక్షది ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉందండీ. దానికి నెట్ అక్కర్లేదు. కాని అది అసలుది కాదు."

"ఇవాళ్టికి అదే అసలుది అనుకో."

ఆమె అనుకుంది. మంత్రిగారు మీట నొక్కారు. సరిగ్గా ఆ క్షణానికి పావుగంట నిండడంతో పరీక్ష నాలుగు వచ్చి ఒక పెద్ద ఈత బుట్ట కొన్నాడు. సభ చప్పట్లతో మారుమోగింది. శిలాఫలకం మీద దుకాణం చిరునామా కోసం ఖాళీ వదిలి ఉంచారు. చెక్కేవాడు ప్రారంభోత్సవం ఫొటో చూసి, తెర మీద ఉన్న చిరునామాను, ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోనిదాన్ని, పొల్లుపోకుండా చెక్కేశాడు. మంత్రిగారి చేయి సోకిన ల్యాప్‌టాప్‌ను దండతో సహా గాజు బీరువాలో పెట్టి, కరెంటు తీగను మాత్రం బయటికి లాగి, బీరువాకు తాళం వేసి, తాళంచెవిని మేనేజింగ్ డైరెక్టర్ చామర్తి విశ్వంభరంగారు తమ సొరుగులో వేసుకున్నారు.

తీగ బాగుచేశాక అసలు దుకాణం ఏ ఉత్సవమూ లేకుండా తెరుచుకుంది. బీరువాలో పరీక్షవారు పావుగంటకొకసారి కొంటూనే ఉన్నారు.

* * *

దుకాణానికి వచ్చిన మొదటి సరుకు ఈదులవలస బుట్టలు. నలభై గడపలున్న ఆ ఊళ్లో ఆడవాళ్లు ఈత ఆకు చీల్చి, రంగులద్ది, బుట్టలల్లుతారు. వారి సంఘానికి పెద్ద పారమ్మ. హైమవతి స్వయంగా వెళ్లి ఒక్కొక్క బుట్టనూ వెలుగులో పెట్టి ఫొటో తీసింది; చినుకులు పడేలోగా అన్నీ అమ్మించి పెడతానని మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి పారమ్మ ఆరువందల నలభై బుట్టలను సంస్థ గోదాముకు పంపి, ఒప్పందం మీద వేలిముద్ర వేసింది. సంస్థ దగ్గర ఉన్న సరుకు యావత్తూ అమ్ముడయ్యేవరకు సంఘంవారు బయట ఎవరికీ ఒక్క బుట్ట కూడా అమ్మరాదని ఆ ఒప్పందంలో ఉంది.

నెల తిరిగాక సమీక్షా సమావేశం జరిగింది. విశ్వంభరంగారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"గణాంకాలు మాట్లాడుతున్నాయి. మనం విందాం. ప్రారంభం కాని దుకాణంలో ఆర్డర్లు ముప్పై ఒకటి, ఫిర్యాదులు తొమ్మిది. ప్రారంభమైన దుకాణంలో ఆర్డర్లు రెండువేల ఎనిమిదివందల ఎనభై, ఫిర్యాదులు శూన్యం. ఈ వ్యత్యాసానికి బాధ్యులెవరు?"

హైమవతి లేచి నిలబడింది. "సార్, ఆ రెండోదాంట్లో కొంటున్నది మనుషులు కాదు సార్. నేను రాసిన ప్రోగ్రామ్."

"కస్టమరు గురించి అలా మాట్లాడకూడదమ్మా. కస్టమరు దేవుడని మన గోడ మీదే రాయించాం."

"దేవుడు కూడా కాదు సార్."

లక్ష్మణమూర్తి జాబితా తిరగేస్తున్నాడు. "పన్నెండుమందీ పరీక్షవారే సార్. ఉమ్మడి కుటుంబంలా ఉంది. ఇంటిపేరు చూస్తే టెక్కలి వైపు వాళ్లనిపిస్తోంది."

"అదండీ విధేయత అంటే," అన్నారు విశ్వంభరంగారు. "ఒక కుటుంబం కుటుంబమంతా మనల్ని నమ్ముకుంది. ఇటువైపు చూడండి. ఈయనెవరో బుట్ట పిడి వదులుగా ఉందంటాడు. ఈవిడకు ఫొటోలో ఉన్న ఎరుపు బుట్టలో లేదట. ఇంకొకాయన పార్సిల్ విప్పితే చీమ వచ్చిందని రాశాడు. చీమ ఫొటో కూడా పెట్టాడు."

"వాళ్లు నిజంగా కొన్నవాళ్లు సార్. అందుకే రాశారు. ఇవతలివాళ్లు ఊరికే..."

"అంటే ఫిర్యాదు చెయ్యనివాడు మనిషే కాదంటావా?"

ఆ ప్రశ్నకు అవునన్నా కాదన్నా తప్పే అవుతుందని గ్రహించి హైమవతి కూర్చుంది. రెండువేల ఎనిమిదివందల ఎనభై ఆర్డర్ల సొమ్ము ఎక్కడని అడగవలసిన విభాగం వేరే భవనంలో ఉండేది. ఆ భవనంనుంచి వచ్చే ప్రశ్నలకు జవాబివ్వడానికి మూడేళ్ల గడువుండేది. అందుచేత ఆ ప్రసక్తి రాలేదు.

సమావేశం ముగిశాక ఆమె ఆయన గదికి వెళ్లింది.

"ఆ బీరువా తాళం ఒక్కసారి ఇప్పించండి సార్. ఆ ప్రోగ్రామ్ ఆపేస్తాను. మీకే తెలుస్తుంది."

విశ్వంభరంగారు జాలిగా చూశారు. "మంత్రిగారు ప్రారంభించినదాన్ని ఆపాలంటే మంత్రిగారే రావాలి. ప్రారంభోత్సవానికి మనకు నిబంధనలున్నాయి. నిలుపుదలోత్సవానికి లేవు."

* * *

తృప్తి చెందిన కస్టమర్ల లక్షణాలను అధ్యయనం చేయడానికి త్రిసభ్య సంఘం ఏర్పడింది. సంఘం బీరువా ముందు కుర్చీలు వేసుకుని మూడు రోజులు కూర్చుని, పరీక్షవారు కొంటూండగా ప్రత్యక్షంగా చూసింది. పరీక్షవారు ఫోను చేయరని, పార్సిల్ విప్పరని, వస్తువు ఎప్పుడొస్తుందని అడగరని, ఏది ఇచ్చినా ఐదు నక్షత్రాలే ఇస్తారని నివేదిక తేల్చింది. అసలు దుకాణానికి వచ్చేవారిలో ఈ సంస్కారం లోపించడమే రోగమూలమని నిర్ధారించి, మందు కూడా అదే సూచించింది. ఇకమీదట ఎవరైనా బుట్ట కొనాలంటే, ఆ బుట్ట తమకు అందినదని, నచ్చినదని, పిడి గట్టిగా ఉన్నదని ముందుగా హామీపత్రం మీద సంతకం చేసి పంపాలి.

ఆ నియమాన్ని దుకాణంలో చేర్చే పని హైమవతి మీదే పడింది. ఆమె దాన్ని పద్ధతి ప్రకారం ముందు పరీక్ష ప్రతిలో చేర్చాలన్నది. బీరువా తెరవడం కుదరదన్నారు. నేరుగా అసలుదానికే చేర్చింది. మొదటి వారం నలుగురు కొన్నారు. రెండవ వారం ఒకాయన మాత్రం, సంతకం చేస్తాను గాని ముందు బుట్ట చూపించండి అని రాశాడు. మూడవ వారం ఎవరూ రాలేదు. ఎవరూ రాని దుకాణం ఎందుకని దానిని మూసివేశారు. బుట్టలు వేలకొద్దీ అమ్మినట్టు, ఫిర్యాదులు పూర్తిగా నిర్మూలించినట్టు పత్రికలకు ప్రకటన వెళ్లింది.

ఆ ప్రకటన చదివించుకుని పారమ్మ బస్సెక్కి వచ్చింది. వస్తూనే గోదాము కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది. తరువాత హైమవతి బల్ల పక్కన నేల మీద చతికిలబడింది.

"బుట్టలు ఏలకి ఏలు అమ్ముడైపోనాయని కాయితంలో ఏసినారంట గదా. మా సరపంచి సదివి ఇనిపించినాడు. మరి మాయన్నీ లోపలే ఉన్నాయేటి తల్లీ?"

"అమ్ముడైపోయాయత్తా. కాని ఇక్కడే ఉన్నాయి."

"కొన్నోడు అట్టుకెల్లడా?"

"అట్టుకెళ్లడు."

"ఆడెవుడో ఓపాలి ఆడి మొకం సూపించు. నాను మాటాడతాను."

"వాడికి మొకం లేదత్తా."

"మొకం నేనోడికి అన్నేసి బుట్టలెందుకో," అంది పారమ్మ. అప్పుడు కిటికీలోంచి తడి గాలి ఒకటి వచ్చి కాగితాలను కదిపింది. ముసలిది ఆ గాలిని ముక్కుతో పట్టుకుంది. "వాన రెండు వారాల్లో ఉన్నాది. ఆకుకి సెమ్మ తగిల్తే మొదట మచ్చ, తరవాత బూజు, తరవాత పొయ్యిలోకి. నలభై కొంపల ఏసంగి పని అది. నీ మాట మీద ఒగ్గేసినాం. నాను ఇంకేటీ అన్ను."

అనకపోవడమే ఎక్కువ తగిలింది. హైమవతి ఆ సాయంత్రం నాలుగు పేజీల వినతిపత్రం రాసి, ప్రోగ్రామ్‌లోని వాక్యాలను కూడా జతపరచి, పైకి పంపింది. సాంకేతిక విభాగంలో కస్టమర్ల పట్ల ద్వేషభావం ఉన్నదని దాని మీద రాసి వెనక్కి పంపారు.

* * *

ఉత్తమ కస్టమరుకు సన్మానం చేయాలన్న ఆలోచన లక్ష్మణమూర్తిది. పరీక్ష ఒకటిగారు అందరికంటే ముందు చేరినవారు గనుక ఎంపిక కష్టం కాలేదు. పరీక్ష వీధి, పరీక్షపురం అన్న చిరునామాకు రిజిస్టరు పోస్టులో ఆహ్వానం వెళ్లి, అట్టి ఊరు లేదు అన్న ముద్రతో తిరిగివచ్చింది.

"సన్మానాలంటే తప్పించుకునే మనిషిలా ఉన్నాడు," అన్నారు విశ్వంభరంగారు, మెచ్చుకోలుగా. "ఇలాంటివారికే చెయ్యాలి."

వేదిక మీద ఒక కుర్చీ వేసి, దానికి శాలువా కప్పి, సన్మానపత్రం చదివారు. అందులో ఆయనను మితభాషి అన్నారు. ఆ ఒక్క మాటలో మాత్రం అతిశయోక్తి లేదు. మరునాడు ఉదయం పరీక్ష ఒకటి ఎప్పటిలాగానే వచ్చి బుట్ట కొన్నాడు. సన్మానం తలకెక్కించుకోని నిగర్వి అని ఆఫీసంతా అనుకున్నారు.

ఈ కీర్తి చూసి సంస్థ పేరును రాష్ట్ర స్థాయి పురస్కారానికి పంపారు. పురస్కారపు దరఖాస్తుకు నిల్వల ధ్రువీకరణ పత్రం జతపరచాలి. ఆ పత్రం కావాలి గనుక నిల్వల తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన ఈ కథలో మిగిలినవారిలాంటివాడు కాదు; నియమానికి కట్టుబడిన నిజాయితీపరుడు. కష్టమంతా అక్కడే వచ్చింది.

ఆయన రిజిస్టరు చంకన పెట్టుకుని గోదాములో అడుగుపెట్టి ఆగిపోయాడు. ఎదురుగా ఇంటికప్పు దాకా బుట్టలున్నాయి. తడిగాలికి చెమర్చిన పైకప్పు రేకునుంచి ఒక చుక్క రాలి చివరి వరసలో ఒక బుట్ట మీద పడింది.

"రికార్డు ప్రకారం ఇక్కడ బుట్టలు లేవు," అన్నాడు. "వచ్చినవి ఆరువందల నలభై. కస్టమర్లకు చేరినవి అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి లేవు."

"కళ్లెదుటే ఉన్నాయి కదండీ," అంది హైమవతి.

"కళ్లెదుట ఉన్నవాటిని రికార్డులో రాసే అధికారం నాకు లేదమ్మా. రికార్డులో ఉన్నవాటిని కళ్లతో చూడడానికే నన్ను పంపారు."

"పోనీ ఒకటి చేత్తో పట్టుకుని చూడండి."

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పట్టుకుంటే ఉన్నదని ఒప్పుకున్నట్టవుతుంది."

అత్యవసర సమావేశం జరిగింది. ఇప్పుడు విశ్వంభరంగారి ముందు రెండు దారులున్నాయి. బుట్టలు నిజమైతే అమ్మకాలు అబద్ధం. అమ్మకాలు అబద్ధమైతే ప్రారంభోత్సవం, శిలాఫలకం, శాలువా, పురస్కారం వరసగా అబద్ధమైపోతాయి. అమ్మకాలు నిజమైతే అబద్ధమయ్యేవి బుట్టలు మాత్రమే. ఏ వైపు నష్టం తక్కువో తెలుసుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"అవి బుట్టలు కావు," అన్నారు. "బుట్టలవలె కనిపిస్తున్నాయి, అంతే. పురస్కార సంఘం తనిఖీకి వచ్చేలోగా అవి అక్కడ ఉండకూడదు."

హైమవతి మూడు నెలలుగా ఆ సంస్థకు నిజం చెబుతూ వచ్చింది. నోటితో చెప్పింది, కాగితం మీద చెప్పింది, ప్రోగ్రామ్ చూపించి చెప్పింది. నిజం చెప్పడం మానేసి మొదటిసారిగా వినయంగా ఒక విన్నపం చేసుకుంది.

"సార్, అవి మన బుట్టలు కావని, మన దగ్గరున్న ఈదులవలస సరుకంతా అమ్ముడైపోయిందని ఉత్తర్వుగా ఇప్పించండి. రేపెవరైనా అడిగితే ఇబ్బంది కదా."

విశ్వంభరంగారి ముఖం వికసించింది. "చూశారా మూర్తిగారూ, ఇన్నాళ్లకు అమ్మాయికి ఆఫీసు పద్ధతి అబ్బింది."

ఉత్తర్వు ఆ గంటలోనే తయారైంది:

"పై సూచికలను పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఈదులవలస సంఘమువారి బుట్టల నిల్వ యావత్తును కస్టమర్లకు చేరియున్నందున, ప్రస్తుతము గోదామునందు బుట్టలవలె గోచరించుచున్న పదార్థము సంస్థకు చెందినది కాదనియు, దానిని మూడు దినములలోగా ప్రాంగణమునుండి తొలగింపజేయవలెననియు, ఇట్టి తొలగింపునకు ఎవరి అనుమతియు అవసరము లేదనియు ఉత్తర్వు చేయడమైనది. మరియు, ఫిర్యాదులు లేని దుకాణమునకు నిర్వహణ నిష్ప్రయోజనమగుటచే, సాంకేతిక సహాయకురాలి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగియునని తెలియజేయడమైనది."

రెండవ వాక్యాన్ని హైమవతి రెండుసార్లు చదివింది. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

* * *

హైమవతి కబురందుకుని మరునాడు పొద్దున్నే ఈదులవలసనుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. పారమ్మ వెంట పాతికమంది ఆడవాళ్లు దిగారు. తెచ్చుకున్న బరకాలు పరిచి, బుట్టలో బుట్ట దొంతులు పెట్టి, నెత్తిన మోస్తూ గేటు దాకా వచ్చారు. అక్కడ వాచ్‌మన్ పోలయ్య చేయి అడ్డం పెట్టాడు.

"సరుకు బయటికెల్లాలంటే పాసుండాల. పాసేది?"

హైమవతి ఉత్తర్వు విప్పి చూపించింది. పోలయ్య వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాడు. ఎదుట నిలబడ్డ పాతికమందినీ, వారి నెత్తుల మీద దొంతులనూ చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"ఇయి బుట్టలు కావంటన్నారు."

"కావు," అంది పారమ్మ, నెత్తి మీద బుట్టలు సర్దుకుంటూ. "నీకేటి, బుట్టల్లాగ అవుపడతన్నాయేటి?"

"నాకేటీ అవుపడ్లేదు. లేని సరుక్కి పాసేటి, ఎల్లండెల్లండి," అని పోలయ్య గేటు రెండు తలుపులూ బార్లా తీశాడు.

పై అంతస్తు కిటికీలోంచి విశ్వంభరంగారు చూస్తున్నారు.

"ఏమిటండీ అవి మూర్తిగారూ, బుట్టల్లా ఉన్నాయి?"

"ఏమీ లేవు సార్," అన్నాడు లక్ష్మణమూర్తి. "ఉత్తర్వు మీద సంతకం తమరిదే."

ట్రాక్టర్లు వంతెన దాటాక మొదటి వాన పడింది. బరకాల కింద బుట్టలు పొడిగానే ఊరు చేరాయి. చివరి వరసలోవి పదో పన్నెండో మచ్చపడ్డాయి. వాటిని పారమ్మ కోళ్లను మూయడానికి పంచిపెట్టింది. సరుకంతా అమ్ముడైనట్టు సంస్థే రాసిచ్చింది గనుక ఒప్పందం తీరిపోయింది. ఇక ఎవరికైనా అమ్ముకోవచ్చు.

నెలాఖరున హైమవతి తన సొంత ల్యాప్‌టాప్ పట్టుకుని ఈదులవలస వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు గనుక ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. పారమ్మ ఇంటి ముందుగదిలో కూర్చుని నాలుగు రోజుల్లో సంఘానికి దుకాణం కట్టింది. పద్ధతి ప్రకారం పరీక్ష ప్రతి కూడా పెట్టింది. ఈసారి అందులో ఉత్తుత్తి కస్టమరు ఒక్కడే. ఎవరూ మనిషని పొరబడకుండా అతనికి విశ్వంభరం అని పేరు పెట్టింది.

మొదటి వారం ఐదు ఆర్డర్లు వచ్చాయి. అమ్ముడైపోయాయన్న మాట పారమ్మ ఇదివరకు విన్నదే. బుట్టలు కట్టి పంపించి, ఎవరో కొన్నారట అని మాత్రం అనేది. పదకొండవ రోజున హైమవతి తెర వైపు చూసి ఆగిపోయింది.

"అత్తా, అనకాపల్లినుంచి ఒకావిడ ఫిర్యాదు రాసింది."

వాకిట్లో ఆకు చీలుస్తున్న చేతులన్నీ ఆగాయి.

"ఏటన్నాది?"

"బుట్ట పిడి వదులుగా ఉందట. పెసలు పోసి ఎత్తితే ఒకవైపు ఊడొచ్చిందట. నేలంతా పెసలేనట. మీ ఇంట్లో ఇలాంటి బుట్టే వాడతారా అని అడుగుతోంది."

"మళ్లీ సదువు."

హైమవతి మళ్లీ చదివింది. పెసలు నేల మీద పడ్డచోట పారమ్మ కళ్లు మూసుకుని, ఆ గింజలు దొర్లడం విన్నట్టు తలాడించింది. తరువాత లేచి, నానబెట్టిన ఈనెల్లోంచి లావుపాటివి రెండు ఏరుకుంది.

"ఈవిడికి మొకముంది," అని, కొత్త పిడి అల్లడానికి కూర్చుంది.